మడమలో ములికి

మూడు నెలలుగా శత్రువుల గుడారాలు నలుదిక్కులా ముసురుకొనియున్న గొడుగుకొండ దుర్గమున ఆ ఉదయం నగారా మ్రోగింది. యుద్ధానికి కాదు సుమా, ఒక ఇల్లాలిని మేకులతో కొయ్యకు కొట్టడానికి! తన వీరుల ఆలుబిడ్డలను తానే చంపుకునే కోటకు వేరే శత్రువెందుకు చెప్పండి?

ఆమె దండనాయకుడు బొప్పన భార్య సూరాంబ. రెండు నెలల క్రితం బొప్పన కనబడకుండా పోతే, శత్రువుతో చేతులు కలిపాడని మంత్రి కేసనామాత్యుడు రాజును నమ్మించాడు. ద్రోహి చిక్కకుంటే అతని ఆలిని కొయ్యకు కొట్టాలని ఆ రాజ్యపు కట్టుబాటు.

మేకులు దించవలసిన తలారి గుండడు సుత్తితో సహా సభలోకి వచ్చి, దానిని రాజు ముందు పడవేశాడు. తలారి సభలో నోరు విప్పితే నాలుక కోస్తారు. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా ఆ తల్లి పాదాన మేకు పెట్టడం కన్నా నాలుక పోవడమే నయమనుకున్నాడు.

"నోరు మూసుకో, నీచుడా!" అని మంత్రి గద్దించాడు.

"ఇన్నాళ్ళూ మూసుకునే బతికాను, అమాత్యా! ఇక మూయను. మహాప్రభూ, రెండు నెలల నాడు ఈయన ఒక మనిషిని తెప్పించి, వీడు గూఢచారి, కొట్టరా అన్నాడు. ముఖానికి గోనె తొడిగారు, నోట గుడ్డలు కుక్కారు. కానీ కాళ్ళు కప్పలేదు, కప్పితే మేకు దిగదు కదా! మా పద్ధతి ఇది. చేతులు దూలానికి తాళ్ళతో కడతాం. మడమకు పక్కనుంచి మేకు దించుతాం, కాలు జారకుండా మేకుతల కింద చెక్కముక్క పెడతాం. ఎముకలు దింపిన నాడు మేకు పీకి దాచుకుంటాం. నిన్న దింపిన ఈ ఎముకలో మేకు మాత్రం ఎంత పీకినా రాలేదు. ఎందుకో, ఇది ఎవరి కాలో తమరే చూడండి!"

గుండడు చంకలోని మూట విప్పాడు. మడమ ఎముకలో వంకరపోయిన మేకు. దానికి అడ్డుగా, ఎముకలో కూరుకుపోయి, తుప్పుపట్టిన బాణపు ములికి.

"ఎవడిదో పుచ్చిన ఎముక!" అన్నాడు మంత్రి.

రాజు మాదయ భూపతి సింహాసనం దిగి వచ్చాడు. "ఎవడిదో కాదు. ఓడిన యుద్ధంలో నన్ను తన గుర్రమెక్కిస్తుండగా బొప్పన మడమలో దిగిన ములికి ఇది. వైద్యుడు తీయలేక చేతులెత్తేసిన రోజున ఆ కాలు నా ఒళ్ళోనే ఉంది. అయ్యో బొప్పనా! నీ మీద చాడీ వింటూ కూర్చున్నానా!" అని భోరుమన్నాడు.

పడమటి ద్వారం శత్రువుకు అప్పగించే మంత్రి పన్నాగాన్ని బొప్పన పసిగట్టాడని, అందుకే అతణ్ణి చంపించాడని మంత్రి భటులే రాజు కాళ్ళమీద పడి ఒప్పుకున్నారు.

"వీణ్ణి కొయ్యకు కొట్టు, గుండా! నీ నాలుక నీకే ఇచ్చాను," అన్నాడు రాజు.

"కొట్టను, ప్రభూ! నా దొరను నా చేతులతో చంపుకున్నాను. వీడికోసం మళ్ళీ సుత్తి పట్టను. నాకు కత్తి ఇప్పించండి!"

తలారికి కత్తా అని సామంతులు ముఖాలు చిట్లించారు. సభలో ఒక మూల దోషిగా కూర్చోబెట్టిన సూరాంబ లేచి, బొప్పన కత్తిని తానే తెప్పించి గుండడి చేతికిచ్చింది. బొప్పన ద్రోహి కాడన్న మాట బురుజుల మీదికి పాకగానే, రెండు నెలలుగా తలవంచుకున్న సేన ఒక్కుమ్మడిగా ద్వారం తెరుచుకొని శత్రువు మీద విరుచుకుపడింది. సాయంకాలానికి ముట్టడి చెదిరిపోయింది. గుండడు కందకం ఆవల, కత్తి విడవకుండానే నేలకొరిగాడు.

బొప్పన ఎముకలకు చితి పేర్చారు. గుండణ్ణి కూడా దానిమీదికే చేర్చమంది సూరాంబ.

"తలారినా, అమ్మా? నీ పెనిమిటిని చంపినవాడు!" అన్నాడు పురోహితుడు.

"చంపించినవాడు చెరలో ఉన్నాడు, స్వామీ. నా పెనిమిటి ద్రోహి కాడని ఈ కోటలో నోరు తెరిచిన మగవాడు ఇతనొక్కడే. ఆయనను ద్రోహి అన్ననాడు తమరూ సభలోనే ఉన్నారు కదా?"

పురోహితుడు పక్కకు తప్పుకొని గుండణ్ణి చితిమీదికి చేర్పించాడు. ఆమె కొరివి అందుకొని తానే నిప్పంటించింది.