మూడో అంకంలో పెళ్లి

ఆదివారం పొద్దున పెనం మీద పాన్‌కేకు మాడుతోంది. ఎదురుగా నిలబడ్డ లోర్నాకు వాసన తెలుస్తూనే ఉంది కానీ, బుర్ర నిన్నటి నాటకం దగ్గరే ఆగిపోయింది.

ఏటా ఆగస్టులో ఊరివాళ్లంతా కలిసి పాత పశువుల కొట్టంలో ఆడే ప్రేమా పెళ్లీ హాస్యనాటకమే అది. లోర్నా తల్లి హెస్టర్‌ది వితంతువు మేనత్త వేషం. మూడో అంకంలో ఆవిడకి పెళ్లి. వరుడి వేషం పియానోలు శ్రుతి చేసే వెండెల్ ప్రూయిట్‌ది. పాస్టరు వేషం ఊరి పాస్టరుదే, వేరే అంగీ కొనక్కర్లేదని. "ఇతన్ని భర్తగా స్వీకరిస్తున్నావా?" అని ఆయన అడిగితే, "చేసుకోక చస్తానా!" అని హెస్టర్ అరవాలి. జనం నవ్వాలి, తెర పడాలి.

నిన్న హెస్టర్ అరవలేదు. మూడో వరుసలో ఉన్న కూతురి వంక చూసి, "మా అమ్మాయిని అడిగి చెబుతాను" అంది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వాలో ఏడవాలో తెలియక లోర్నా కూడా నవ్వేసింది.

హెస్టర్ వంటింట్లోకి వచ్చి కాఫీ పోసుకుంది.

"మాట మర్చిపోయావా అమ్మా?"

"లేదు."

"మరి వేళాకోళమా? రాత్రి కొట్టం గుమ్మం దగ్గర అందరూ నన్నే పట్టుకుని అడిగారు, 'ఇంతకీ ఏం చెప్పావు' అని! నాకేం తెలుసని చెప్పను?"

"శుక్రవారం వెండెల్ అడిగాడే. నాటకంలో కాదు, నిజంగానే."

లోర్నా పెనం ఠపీమని దించింది. "నాన్న పోయి మూడేళ్లు కాలేదు! ఈ వయసులో నీకిదేం పోయేకాలం?" అనేశాక నాలుక కరుచుకుంది. కోపం నాన్న కోసమో తన కోసమో ఆమెకే అర్థం కాలేదు. విడాకులై ఈ ఇంటికి తిరిగొచ్చిన నాటి నుంచీ రాత్రి భోజనానికి ఎదురుగా కూర్చునే మనిషి అమ్మ ఒక్కతే.

"సరే, నన్ను అడుగుతానన్నావుగా. అడుగు!"

"నేను అడగడం కాదే పిచ్చిదానా. నువ్వు నన్ను అడగాలి."

"ఏమని?"

హెస్టర్ కప్పు వంక చూస్తూ అంది. "మీ తాతలిద్దరూ కంచెకు అటొకరు ఇటొకరు నిలబడి మా పెళ్లి ఖాయం చేసుకున్నారు. మీ నాన్న వచ్చి, 'జూన్‌లోనట' అన్నాడు. నేను గౌను కుట్టుకోవడానికి వెళ్లాను. మంచివాడే, కాదనను. కానీ నీకిష్టమేనా అని ఎవరూ అడగలేదు. మొన్న వెండెల్ అడిగితే బదులు చెప్పడం చేతకాలేదు నాకు. పారిపోయి వచ్చాను."

లోర్నా పొయ్యి ఆపేసింది. తను కూడా ఇంతసేపూ అరిచిందే తప్ప అడగలేదు. ఇంటికి తిరిగొచ్చాక కూడా ఒక్కనాడూ అడగలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఆయన్ని చేసుకోవడం నీకిష్టమేనా?"

రెండు వారాలుగా రిహార్సళ్లలో కొట్టమంతా దద్దరిల్లేలా అరిచిన మనిషి, కళ్లనీళ్లు ధారగా కారుతుంటే తలూపింది.

"తలూపితే ఒప్పుకోను. నోటితో చెప్పు."

"ఇష్టమే," అంది హెస్టర్, తన మాట తనకే కొత్తగా వినబడి. "నాకిష్టమేనే, లోర్నా."