నాయన చూడని నేల

“మనిషికి ఐదు నూర్లు. అంతకు ఒక్క రూపాయి దాటినా నేను రాను,” అంది సువార్త, నోట్‌బుక్ మూసేస్తూ.

అనంతపురం యూనివర్సిటీ క్యాంటీన్‌లో ఆ మాటకు మొదట నవ్వినవాడు శ్రీకాంత్. కంబదూరు దగ్గర నలభై ఎకరాల మెట్ట ఉన్న బయ్యన్న కొడుకు. వాన పడితే డబ్బున్నవాళ్లు, పడకపోయినా డబ్బున్నవాళ్లలాగే కనిపించాల్సిన కుటుంబం.

“రెండు దినాలు తిరుపతికి ఐదు నూర్లా? టీలకే చాలవు గదప్పా. మా కారు ఉండాది, దాంట్లో పోదాం పా.”

“కారు మీది. పోయేది నా ఫ్రెండు సారా దగ్గరికి. జనరల్ టికెట్టు. పండుకునేదానికి మాకు సారా రూము, నీకు ఆమె క్లాస్‌మేటు దివాకర్ రూము. తిండి ఎవరి చేత్తో వాళ్లు చేసుకోని రావాల. ఇష్టమైతే రా, లేకుంటే కార్లో కంబదూరికి పో.”

సువార్త పక్కనున్న స్నేహితురాలు ఈశ్వరి టీ గ్లాసు వెనక నవ్వు దాచుకుంది. ఆరు నెలలుగా సువార్త ఏ బెంచీలో కూర్చుంటే దాని వెనక బెంచీలో తేలుతున్నవాడు కంబదూరికి ఎందుకు పోతాడు?

సువార్త పంతానికి కారణం ఉంది. ఆమె తండ్రి జాకబ్ తాడిపత్రిలో బండలకు పాలిష్ పడతాడు. ఇరవై రెండేళ్లుగా ఆయన నునుపు చేసిన బండలు లారీ ఎక్కి పోతున్నాయే గానీ, పరిచిన తర్వాత ఎలా ఉంటాయో ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. పోయినేడాది సారా చదివే యూనివర్సిటీలో కొత్త లైబ్రరీకి పోయిన బండలన్నీ ఆయన చేతి మీదుగా పోయినవే. ఆ నేల ఆయనకు ఫోన్లోనైనా చూపించాలి. ట్యూషన్లు చెప్పి తను దాచుకున్న డబ్బుతోనే పోయి చూపించాలి.

శనివారం పొద్దున స్టేషన్‌లో శ్రీకాంత్ వెలిగిపోతూ ఫోన్ ముందుకు చాపాడు.

“ముగ్గురికీ ఏసీలో సీట్లు చేపిచ్చినా.”

“ఎవరు అడిగినారు నిన్ను?”

“అడిగేదేముంది? మా ఇంట్లో అది అలవాటు. సంతకు కూలోళ్లు వెంట వచ్చినా అందరి టికెట్లూ మా నాయనే తీస్తాడు.”

పాపం, తండ్రి మంచితనం చెప్పుకుంటున్నాననే అనుకున్నాడు.

“నేను మీ కూలిదాన్నా శ్రీకాంత్?”

అతను ఫోన్ వెనక్కి తీసుకున్నాడు.

“మా అమ్మ కూలికే పోతాది. దాంట్లో నామోషీ ఏం లేదు. కానీ నా టికెట్టు నేను తీసుకునేదానికే ఆమె నన్ను సదివిస్తాండాది,” అని సువార్త టికెట్ల క్యూ వైపు నడిచింది. ఈశ్వరి అతన్ని జాలిగా చూసి ఆమె వెనకే వెళ్లింది.

రైలు ధర్మవరంలో ఆగినప్పుడు, జనరల్ బోగీ తలుపు దగ్గర శ్రీకాంత్ ప్రత్యక్షమయ్యాడు. చంకలో సంచీ, చేతిలో టికెట్టు.

“ఏసీ సీట్లు క్యాన్సిల్ చేసినా. క్యూలో నిలబడి నేనూ జనరల్ టికెట్టే తీసుకున్నా. మీ బోగీలో ఎక్కేకి మొగం చెల్లక ఇంతసేపూ పక్క బోగీలో ఉన్నా,” అన్నాడు తల దించుకుని. “మంచి చేస్తాండా అనుకున్నా సువార్తా. నిన్ను ఒక మాట అడగాలని తోచలా. తప్పు నాదే.”

సువార్త పక్కన పెట్టిన సంచీ ఒళ్లోకి తీసుకుంది. తర్వాత కాస్త జరిగి చోటిచ్చింది.

“తిండి తెచ్చినావా?”

బెదురుగా డబ్బా తెరిచాడు. సజ్జ రొట్టెలు ఒక పక్క మాడి, ఇంకో పక్క పచ్చిగా ఉన్నాయి.

“నేనే తట్టినా. ఫోన్లో చూసి.”

ఈశ్వరి ఓ ముక్క కొరికి, “వీటికి కూడా మీ నాయన పాలిష్ పట్టాల్సిందే సువార్తా,” అంది.

సువార్త పకపకా నవ్వేసింది. నవ్వుతూనే రొట్టె మీద చెనిక్కాయల పొడి వేసి అతనికి అందించింది. కదిరి దాటాక చినుకులు మొదలయ్యాయి. మా సీమలో వాన చుట్టపుచూపుగా వస్తుంది, వచ్చినప్పుడు ఎవరూ కిటికీ మూయరు. అయినా సువార్తా శ్రీకాంతూ ఒకే షట్టర్ పట్టుకుని దించబోయారు. అది దిగలేదు, ఇద్దరూ చేతులూ తీయలేదు.

సాయంత్రం సారా వాళ్లను నేరుగా లైబ్రరీకి తీసుకుపోయింది. పెద్ద హాలు, నల్లగా మెరిసే నేల, దాని మీద వరసగా బల్లలు, తలలు వంచి చదువుకుంటున్న పిల్లలు. సువార్త వంగి అరచేత్తో నేలను తడిమింది. ఓ మూలకు పోయి తండ్రికి వీడియో కాల్ చేసింది.

రాతిపొడి నిండిన మొహంతో జాకబ్ కనిపించాడు. మిషన్ ఆపి, కళ్లు తుడుచుకుని చూశాడు.

“ఫోను కిందికి దించమ్మా. ఆ స్తంభం పక్కన చూపీ. ఆ... అంచులు బాగ కలిసినాయి. పనోళ్లు బాగ పరిచినారు.” బల్లల వైపు చూసి, “అంతమంది సదువుకుంటాండారా దాని మీద?” అన్నాడు.

“అవును నాయనా. నువ్వు చేసిందే ఇదంతా.” ఆమె కళ్లు తడిశాయి. ఆ క్షణాన ఆ హాలంతా తన సొంత ఇల్లనిపించింది.

“వాకిట్లో ఆ పిల్లోడెవరు? బూట్లు చేత పట్టుకోని నిలబడినాడు?”

సువార్త తిరిగి చూసింది. శ్రీకాంత్ వట్టి కాళ్లతో గడప దగ్గరే ఆగిపోయి ఉన్నాడు.

“ఎందుకప్పా ఇప్పినావు?”

“మీ నాయన చేతులు అరిగిన చోటు. బూట్లతో తొక్కేకి మనసొప్పలా.”

ఫోన్లోంచి జాకబ్ నవ్వాడు. “నడువు నాయనా, నడువు! పది మంది నడిస్తేనే ఆ బండ ఇంకా మెరిసేది.”

శ్రీకాంత్ నడిచి వచ్చి సువార్త పక్కన నిలబడ్డాడు. గొంతు తగ్గించి, “బతికినన్నాళ్లూ ఎవరి టికెట్టు వాళ్లమే తీసుకుందాం. నీ పక్క సీటు మాత్రం నాకిస్తావా?” అన్నాడు.

“మీ నాయన ఒప్పుకుంటాడా?”

“మా నాయనకు నేనే చెప్తా. ఈ నేలను చూపిచ్చి మరీ చెప్తా.”

సువార్త జవాబిచ్చే లోపే, “అమ్మా, ఫోను ఇంకా పెట్టలా. నాకు ఇనపడతాండాది,” అన్నాడు జాకబ్.

ఇద్దరూ బిక్కచచ్చిపోయారు.

“రేపు తాడిపత్రి మీద వచ్చే రైలెక్కండి. మా ఇంట్లో దిగి అన్నం తిని పోండి,” అన్నాడాయన, గొంతు సవరించుకుని. “అందరూ.”

“వస్తాం నాయనా,” అంది సువార్త, శ్రీకాంత్ చేతిని గట్టిగా పట్టుకుని. “ఎవరి టికెట్టుతో వాళ్లు.”