ఉడుము దూరిన ఇల్లు

ఉడుము వల్ల నా పెళ్లి మూడోసారి ఆగిపోయింది. ఈ మాట చెప్తే ఫ్రెండ్స్ పడీపడీ నవ్వుతారు. మొదటిసారి నేనూ నవ్వినా. ఇప్పుడు నాకా ఓపిక లేదు.

నా పేరు వినోద్. మైపాడు బోట్లకు ఐసు తోలతా. దుర్గను మొట్టమొదట చూసింది ఒడ్డు మీదే. ఆదివారం సెలవని వాళ్లమ్మ చేపల గంప దగ్గర దుర్గే నిలబడి ఉండాది.

"ఇంతసేపు యాడికి పోయినావబ్బా? నువ్వు తెచ్చింది ఐసా, నీళ్లా?" అనింది.

"ఎండనడుగు, నన్నెందుకు అడగతావు?"

"ఎండకు లైసెన్సు లేదు. నీకుంది."

ఐసు దించేసి వచ్చేసినా. ఇంటికొచ్చినాక కూడా అదే తలుచుకుంటా ఉండిపోయినా. నెలకల్లా ఫోన్లు మొదలైనాయి. వరస కూడా కలవడంతో ఆర్నెల్లకు నిశ్చితార్థం అయిపోయింది.

ఆ తర్వాత ఫిబ్రవరిలో వాళ్ల వంటింట్లోకి ఉడుము దూరింది. ఫారెస్టు వాళ్లొచ్చి పట్టుకుపోయినారు. అంతటితో అయిపోయిందనుకున్నా.

అయిపోలేదు. ఉడుము దూరితే ఇల్లు పాడుపెట్టాలి, అంటే తాళమేసి వదిలేయాలి. పంతులు మూడు నెలలన్నాడు. దుర్గా, వాళ్లమ్మ పేరమ్మత్తా ఎదురుగా ఉన్న వలల షెడ్డులోకి మారినారు. పెళ్లికూతుర్ని చేసేది మాత్రం సొంతింట్లోనే అనింది అత్త.

మే నెలలో పాలు పొంగిద్దామని తలుపు తీస్తే, ఇంకో ఉడుము వంటింట్లోంచి తాపీగా నడుచుకుంటా బయటికొచ్చింది. మళ్లీ మూడు నెలలు. ఇప్పుడు ఆగస్టు. నిన్న తలుపు తీస్తే మళ్లీ అదే కథ. పంతులు పంచాంగం మూసేసి, శ్రావణం ముహూర్తాలు వదిలి కార్తీకంలో చూద్దామన్నాడు.

ఈరోజు సాయంత్రం బస్టాపులో దుర్గ కోసం నిలబడినా. నెల్లూరులో ఒక ల్యాబులో పని చేస్తది. బస్సు దిగి, నన్ను చూసి కూడా నవ్వలేదు.

"బావా, మీ అమ్మ ఫోన్ చేసింది," అనింది నడస్తానే. "మనుబోలులో ఏదో సంబంధం వచ్చిందంట గదా."

"నువ్వేమన్నావు?"

"మంచిదత్తా అన్నా. ఏం చెప్పమంటావు? పోయి చూసుకో. నేను అలిసిపోయినా. ఏడుద్దామన్నా ఆ షెడ్డుకు తలుపు లేదు."

"గుళ్లో చేసుకుందాం. రేపే. నాకు నువ్వు కావాలి దుర్గా, ఇల్లు కాదు."

"నాకు మాత్రం వద్దా నువ్వు? అమ్మను ఏడిపించి నీ పక్కన కూర్చుని నవ్వతా ఫోటో దిగమంటావా?"

ఇద్దరం షెడ్డు వైపు నడిచినాం. చినుకులు మొదలైనాయి. ఆమె దగ్గర గొడుగుంది గానీ తెరవలేదు, నేనూ తెరవమనలేదు.

షెడ్డు దగ్గరికొచ్చేసరికి తాళమేసిన ఇంటి కిటికీలోంచి కోడిపెట్ట ఒకటి అరుచుకుంటా బయటికి దూకింది. దుర్గ ఆగిపోయింది.

"అమ్మా, అది మన కోడే గదా?"

"మనదే. గుడ్లు యాడ పెడతా ఉందో ఎన్నాళ్లు వెతికినా దొరకలే," అనింది పేరమ్మత్త షెడ్డులోంచి.

దుర్గ నా వైపు చూసింది. నాకూ అర్థమైంది. ఉడుముకు గుడ్లంటే ప్రాణం.

"తాళంచెవి ఇయ్యమ్మా."

"పోబాక. పాడుపెట్టిన ఇల్లది."

"పాడుపెట్టినందుకే కోడి దూరింది. కోడి దూరినందుకే ఉడుము వస్తా ఉండాది. మనం ఇంట్లో ఉంటే రెండూ రావు."

"మీ నాయన చనిపోయిన ఏడాది కూడా ఉడుము దూరింది. ఆయన ఇల్లు వదలనన్నాడు. నెల తిరక్కముందే బోటు తిరగబడింది."

అత్త నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. దుర్గ గొంతు తగ్గించి, వాళ్లమ్మ పక్కన కూర్చుంది.

"ఆరోజు నాలుగు బోట్లు పోయినాయి గదమ్మా. నాలుగిళ్లలోనూ ఉడుము దూరిందా?"

పేరమ్మత్త చెంగు ముడి విప్పి తాళంచెవి కింద పెట్టింది.

మేమిద్దరం తలుపు తీసి లోపలికి పోయినాం. వంటింట్లో బియ్యం డ్రమ్ము వెనక గోనెసంచి మీద ఆరు గుడ్లుండాయి. చుట్టూ పగిలిన పెంకులు. దుర్గ నేల మీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వతా నవ్వతా ఏడ్చింది. ఆర్నెల్లుగా దాచుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది. నేను పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నా.

"నువ్వు బయటికి రా అబ్బయ్యా," అనింది అత్త. గడప అవతలే నిలబడి ఉండాది. "దుర్గ ఉంటే ఉండనీ. నువ్వు మాత్రం ఈ ఇంట్లో ఉండబాక."

"ఎందుకత్తా?"

"నా బిడ్డకు నా గతి పట్టకూడదని. నీకేమన్నా అయితే అది ఎట్టా బతకతది? పెళ్లి ఆలస్యమైతే అయింది, నువ్వు బతికుంటే చాలని ఇన్నాళ్లూ ఊరుకున్నా."

నేను ఇన్నాళ్లూ ఈమెను లోపల్లోపల ఎన్ని తిట్టుకున్నానో నాకే తెలుసు. ఆమె వాయిదా వేసింది పెళ్లిని కాదు, నా చావును. సిగ్గేసింది.

లేచి గడప దాకా పోయినా. "నాకూ భయమేనత్తా. నాకేమీ కాదని మాటియ్యలేను. కానీ నేనీడే ఉంటా. నువ్వూ లోపలికి రా."

ఆమె నా మొహం వైపు చూసింది. ఆ తర్వాత చెయ్యి చాపింది. నేను పట్టుకున్నా. దుర్గ వచ్చి రెండో చెయ్యి పట్టుకునింది. పేరమ్మత్త కళ్లు మూసుకుని, కుడికాలు లోపల పెట్టింది.

"శ్రావణం ఇంకా ఎన్ని రోజులుండాది?" అనింది కళ్లు తెరవకుండానే.

"పన్నెండు," అన్నాం ఇద్దరం ఒకేసారి.