సాక్ష్యం చెప్పిన మర్నాడు

కంపెనీ బస్సు రోడ్డు మీద రెండోసారి హారన్ కొట్టింది. నవీన్‌కుమార్ యూనిఫాం వేసుకుని, గడప లోపలే తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. ఒక్క అడుగు వేస్తే వాకిలి... ఆ ఒక్క అడుగే పడటం లేదు. టిఫిన్ డబ్బా పట్టుకున్న అరుణ, భర్త ముఖంలోకి చూడలేక చూపు కిందికి దించుకుంది. అతని ప్యాంటు తడిసిపోతోంది! అయ్యో, ఏ ఇల్లాలూ చూడకూడని దృశ్యం అది.

వేసవిలో గుమ్మడిదల దగ్గరి మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలింది. పక్కనే పనిచేస్తున్న చిన్నరాములు నవీన్ కళ్లెదుటే పోయాడు. నవీన్ ఒంటి మీద మాత్రం గీత కూడా పడలేదు, అందుకే అతని జబ్బు ఎవరికీ అర్థం కాలేదు. కుక్కర్ కూత వేస్తే మంచం కింద దూరేవాడు. సంగారెడ్డి డాక్టరు రాసిచ్చిన గోలీలతో కాస్త నిద్రపోయేవాడు. ఈ సోమవారం డ్యూటీలో చేరకపోతే ఇక రావద్దని కంపెనీ తేల్చి చెప్పింది.

అరుణ అత్తగారు ఆగమ్మ నమ్ముకున్న చర్చిలో ఒక పద్ధతి ఉంది. స్వస్థత కావాలంటే, అది ఇంకా దొరక్కముందే దొరికిందని నమ్మి, అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పాలి. నిన్న ఆగమ్మ లేచింది. “నా కొడుకుకు పట్టిన బుగులు, భయం పోయింది. దేవుడు వాని మనసు కొత్తగ జేసిండు. రేపు డ్యూటీకి పోతున్నడు” అంది. చప్పట్లే చప్పట్లు! నవీన్ తల దించుకున్నాడు. అరుణ కూడా చప్పట్లు కొట్టింది, పిచ్చి తల్లి... మనసు మారితే ఒళ్లు దాని వెంటే నడుస్తుందని పాస్టరుగారు చెప్పింది ఆమె మనసారా నమ్మింది. పడుకోబోయే ముందు గోలీ ఇస్తే నవీన్ తీసుకోలేదు. “అవ్వ సాక్ష్యం చెప్పినంక నేను గోలీ మింగితే దేవుణ్ణి అబద్ధం జేసినట్టు గాదా?” అన్నాడు. తెల్లవార్లూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“నడువు బిడ్డా, జెర ధైర్యం జెయ్యి. ప్రభువు ఉన్నడు” అంటూ ఇప్పుడు ఆగమ్మ కొడుకు వీపు మీద చెయ్యి వేసి మెల్లగా నెట్టింది.

“అత్తమ్మా, కింద సూడుండ్రి.”

ఆగమ్మ చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. నవీన్ అక్కడే కూలబడ్డాడు.

“అవ్వా, నాకు నమ్మకం ఉన్నదే... ప్రార్థన జేసుకుంటనే గీడిదాంక వచ్చిన. కాళ్లు నా మాట ఇంటలేవు. నేనేం జెయ్యాలె? నాదేమన్న పాపమా?”

ఊరంతా గుండె ధైర్యం గలదని చెప్పుకునే ఆగమ్మ కొడుకు పక్కన చతికిలపడి ఏడ్చింది. “నీది పాపం గాదురా. నేను నమ్మి చెప్పలే, బుగులు వట్టి చెప్పిన. నువ్వు ఇగ గిట్లనే ఉండిపోతవేమోనని బుగులు. పదిమంది ముందట జెప్తే, దేవుడు సిగ్గుపడైనా నయం జేస్తడనుకున్న...”

హారన్ మళ్లీ మోగింది. అరుణ బస్సు దగ్గరికి వెళ్లింది. కిటికీల్లోంచి ముఖాలన్నీ ఆమె వైపే చూస్తున్నాయి.

“ఏందమ్మా, వస్తున్నడా?” అడిగాడు డ్రైవర్ యాదన్న.

“పోనియ్యి అన్నా. రేపటి సంది ఈడ ఆపకు. ఆయన రాడు.”

బస్సు వెళ్లిపోయింది. ఉద్యోగం దానితోనే పోయింది. అరుణ రోడ్డు మీదే నిలబడి ఏడ్చింది. పోయిన ఉద్యోగం కోసం కాదు. ఫ్యాక్టరీ నుంచి రాగానే వాకిట్లోంచే ఆమెను ఆటపట్టించే ఆ నవ్వుల నవీన్ ఏనాటికైనా తిరిగి వస్తాడని ఇన్ని నెలలూ ఎదురు చూసింది. ఆయన మనసు కొత్తది కావాలని రోజూ మోకరించింది. ఇప్పుడు కొత్త మనసు కావలసింది తనకేనేమో... ఆ పాత మనిషిని ఇక అడగని మనసు. అది ఎక్కడ దొరుకుతుందో ఆమెకు తెలియదు.

తిరిగి వచ్చేసరికి ఆగమ్మ కొడుక్కి లుంగీ కట్టించి, నేల తుడిచి, మోకాళ్ల మీద ఉంది. అరుణ ఆమె పక్కన మోకరించింది. ఆగమ్మ ప్రార్థన మొదలుపెట్టింది.

“ప్రభువా, వీనికి తగ్గిందని ఇగ ఎవ్వలకు జెప్ప. తగ్గకపోతే గిట్లనే సాదుకుంటం. గా బతుకు బతికేటందుకు మాకు బలమియ్యి.”

ప్రార్థన అయిపోయింది. ఆగమ్మ ఆగి కోడలి ఆమెన్ కోసం చూసింది. నవీన్ కళ్లెత్తి భార్య వైపు చూశాడు. ఆ ఒక్క మాట అంటే, పాత నవీన్ ఇక రాకపోయినా సరేనని ఒప్పుకున్నట్టే.

ఆమెన్ అనడానికి అరుణకు చాలాసేపు పట్టింది.