లాకుల బంగళా వాన కబురు

ఆత్రేయపురం దాటాక కాలువగట్టు మీద పాత లాకుల బంగళా ఒకటి ఉండేది. పొద్దుగూకాక దాని ముందునుంచి సైకిల్ మీద వెళ్ళేవాళ్ళెవరూ బెల్లు కొట్టేవారు కాదు, వెనక్కి చూసేవారు కాదు. ఒక్క మాట మాత్రం గట్టిగా అరిచి పోయేవారు —

"అందిందండీ!"

ఎవరూ ఏమీ అడగకుండానే.

అడిగేదాకా ఆగితే జ్వరం ఖాయమని అక్కడివాళ్ళ నమ్మకం. అడిగేవాడు చిట్టియ్య. బతికున్న రోజుల్లో ఆ బంగళాలో లస్కరు. కాలువలో నీరు చూసుకుంటూ ఉండడం, పెరిగితే దిగువ ఊరికి పరిగెత్తి కబురు చెప్పడం అతని పని. పెద్ద వరదొచ్చిన రాత్రి గట్టు తెగేలా ఉందని చూశాడు. చూసినవాడు లేవాలా వద్దా? చేతిలో పేకముక్కలున్నాయి. ఈ ఒక్క ఆట... అన్నాడు. ఆటయ్యాక పంచె ఎగ్గట్టి పరిగెత్తాడు. కబురు కంటే నీళ్ళు ముందెళ్ళాయి. ఊళ్ళో జనం డాబాలెక్కి బతికిపోయారు. చిట్టియ్య మాత్రం దారిలోనే...

అప్పట్నుంచీ, ఆ దారిన పోయేవాళ్ళ చెవి దగ్గర, తడి గొంతుతో — "కబురు అందిందాండీ?"

గోదావరి జిల్లా దెయ్యం మరి. చచ్చినా 'అండీ' వదల్లేదు. కొన్నిచోట్ల దెయ్యాలు జుట్టు పట్టుకుంటాయట, గొంతు పిసుకుతాయట. పెంపకం లోపం.

సరే, అసలు సంగతికొద్దాం. రెండువేల ఆరులో, ఆ దిగువ ఊళ్ళోనే గణేష్‌బాబు అనే కుర్రాడు ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాడు. రాజమండ్రిలో ఎం.సి.ఏ. చదివాడు. వానను, గాలిని కొలిచే యంత్రమొకటి తెప్పించి, లాకుల బంగళా కప్పు మీద బిగించాడు. అక్కడ కొలిచింది టెలిఫోన్ తీగ మీద వచ్చి, అతని వెబ్ పేజీలో అప్పటికప్పుడు కనపడాలి.

బంగళాయే ఎందుకంటే, వేసవి మబ్బు పడమట పుడుతుంది. లాకుల దగ్గర పడ్డ వాన ఊళ్ళోకి రావడానికి పది నిమిషాలు పడుతుంది. ఇంకో కారణం — దొంగతనం. ఊళ్ళో బోరు మోటార్లకు గొలుసులు వేసినా నిలవని రోజులవి. బంగళాలో మాత్రం యంత్రం నడవడానికి పెట్టిన కొత్త లారీ బ్యాటరీని, తలుపు తీసి ఉంచినా ఎవడూ ముట్టుకోలేదు. చిట్టియ్య కంటే నమ్మకమైన వాచ్‌మన్ ఎక్కడ దొరుకుతాడు? జీతం కూడా అడగడు.

ఆ పది నిమిషాలు కావలసింది గణేష్‌బాబు మేనత్త రత్నమాణిక్యానికి. ఆవిడది మామిడి తాండ్ర వ్యాపారం. పెరడంతా చాపలు పరిచి, రసం పొర మీద పొర పోసి ఆరబెడుతుంది. పై పొర తడిగా ఉండగా ఊరికే టార్పాలిన్ కప్పితే అంటుకుపోతుంది. కప్పకపోతే చినుకుకు పాడవుతుంది. నిజంగా వానొస్తుంటేనే కప్పాలి, వచ్చేలోపే కప్పాలి. అందుకని ఆవిడ కూతురు హారతి, కంప్యూటర్ ముందు కూర్చుని పేజీ చూస్తూ ఉండేది.

పేజీ ఏం చేసిందయ్యా అంటే, వాన వెలిసిన ముప్పావుగంటకు "వాన మొదలైంది" అని చూపించింది. రెండు వరసల చాపలు పోయాయి.

"ఒరేయ్ గణేషూ," అంది అత్త, "వానొచ్చి వెళ్ళిందని చెప్పడానికి యంత్రమెందుకురా? నా చీర పిండుకుంటే తెలియదూ?"

"అత్తా, చిన్న ఆలస్యం... సరిచేస్తా."

"ఈసారి తడిసిందా — తాండ్రా ఉండదు, నీకు హారతీ ఉండదు. పెద్దాపురం సంబంధంవాళ్ళు రెండుసార్లు కబురు పెట్టారు."

హారతి లోపలినుంచి, "బావా, ఆ పెద్దాపురం అతనికి బట్టతల. త్వరగా సరిచెయ్యి," అంది.

మర్నాడు సాయంత్రం ఆఖరి పొర పోశారు. పెరడు నిండా ఏడాది సంపాదన. చీకటి పడింది. పడమట మెరుపు... ఆ వెనక ఉరుము. మెరుపు ముందు, ఉరుము వెనక అని మా రోజుల్లో మూడో ఫారంలోనే చెప్పేవారు. గణేష్‌బాబు పేజీ ఉరుము జాతి. తెరిచి చూస్తే లాకుల దగ్గర ఇంకా మండుటెండ — ఇప్పుడు నలభై ఒక్క డిగ్రీలట!

టార్చీ పట్టుకుని మోపెడ్ ఎక్కాడు.

బంగళా గుమ్మంలోనే ఒక "అందిందండీ" పడేశాడు. అడ్వాన్సుగా.

లోపల గబ్బిలాల కంపు. మూల బల్ల మీద, బ్యాటరీతో నడిచే పాత కంప్యూటర్. కూర్చుని తను రాసిన ప్రోగ్రాం తనే చదువుకున్నాడు. కాసేపటికి నెత్తి కొట్టుకున్నాడు.

యంత్రం కొలిచిన ప్రతి లెక్కా పంపి, అవతల్నుంచి "అందింది" అనే జవాబు వచ్చేదాకా ఆగమని రాశాడు. గాలికి తీగ ఊగి జవాబు రాకపోతే, అదే లెక్క మళ్ళీ, మళ్ళీ. వెనక కొత్త లెక్కలన్నీ రేషన్ షాపు ముందు జనంలా వరసలో నిలబడ్డాయి. ఎండ లెక్క కదిలితేగా వాన లెక్క వెళ్ళేది!

జవాబు కోసం ఆగే ముక్క తీసేశాడు. పాతవి వదిలెయ్, తాజాది పంపు, వెనక్కి చూడకు — అంతే. మోడెం దీపాలు మిణుకు మిణుకుమంటూ పరుగందుకున్నాయి.

కప్పు మీద మొదటి చినుకు... టప్.

సరిగ్గా అప్పుడు, ఎడమ చెవి పక్కన, చల్లగా —

"కబురు... అందిందాండీ?"

టార్చీ జారి పడింది.

అందిందండీ అనాలి. పుట్టినప్పట్నుంచీ తెలుసు. కానీ ఆ ముక్కే కదా ఇప్పుడు తీసేసింది! బుర్రంతా ప్రోగ్రాంలో ఉండి, నోటి నుంచి నిజం జారిపోయింది.

"తె... తెలీదండీ."

యాభై ఏళ్ళలో ఆ జవాబు ఎవరూ చెప్పలేదు.

"అయ్యయ్యో..." అంది గొంతు. "మరి నే వెళ్ళి చెప్పొస్తానండీ."

గట్టు మీద, ఊరివైపు... తడి కాళ్ళు పరిగెత్తుతున్న చప్పుడు.

గణేష్‌బాబుకు మెట్లు దిగిన గుర్తు లేదు, మోపెడ్ స్టార్టు చేసిన గుర్తు లేదు. వానా తనూ ఒకేసారి అత్త పెరట్లోకి వచ్చిపడ్డారు.

ఊరంతా చీకటి. పెరట్లో చాపలన్నిటి మీదా గుంజలకు బిగించి టార్పాలిన్లు. అరుగు మీద లాంతరు. పక్కన అత్తా, హారతీ... పొడిగా.

"అమ్మయ్య," అన్నాడు రొప్పుతూ. "పేజీ టైముకి చూపించిందన్నమాట!"

"ఏం పేజీ బావా? నువ్విలా వెళ్ళావు, అలా కరెంటు పోయింది."

"మరెలా తెలిసింది?"

"నువ్వు పంపిన పెద్దాయన చెప్పాడుగా," అంది అత్త. "మంచి మనిషిరా. చినుకు పడకముందే నిలువునా తడిసి ఉన్నాడు, కాలవకి అడ్డంపడి వచ్చాడో ఏమో పాపం. వానొచ్చేస్తోందమ్మా, కబురు అందిందాండీ అన్నాడు. అందింది బాబూ, ఆ కొస పట్టుకోండి అన్నాను. పట్టుకున్నాడు. కట్టడం అయ్యాక మజ్జిగ తెచ్చేసరికి... లేడు."

గణేష్‌బాబు లాంతరెత్తి చూశాడు. ఆ కొసన, తాడు ముడిలో, నీళ్ళోడుతూ, కాలవలో పెరిగే గుర్రపుడెక్క వేరు.

"అలాంటివాళ్ళని పనిలో పెట్టుకున్నావంటే బుద్ధిమంతుడివే," అంది అత్త. "పెద్దాపురం వాళ్ళకి వద్దని చెప్పేస్తాలే."

శ్రావణంలో పెళ్ళయింది. పేజీ నిమిషం ఆలస్యం లేకుండా చూపించింది — కొన్నాళ్ళు. బంగళా దగ్గర ఆ ప్రశ్న మళ్ళీ ఎవరికీ వినపడలేదు. అరవకుండా వెళ్ళినా జ్వరం రాలేదు. ఆ సంగతి ఊరంతా పాకిపోయింది.

పాకిన వారంలోనే, బ్యాటరీ ఎవడో ఎత్తుకుపోయాడు.