ఐదు గీతల నెయ్యి

ఆ ఆదివారం మధ్యాహ్నం నా చేతిలో ఐదు గీతల నెయ్యి ఉంది.

అమ్మమ్మకి కాలు విరిగింది. చూసుకోవడానికి అమ్మ బొబ్బిలి వెళ్లింది. వెళ్లేముందు మునగాకు వేసి నెయ్యి కాచి, హార్లిక్స్ సీసాలో పోసింది. పక్కన కాగితం అంటించి ఎనిమిది గీతలు గీసింది.

"వారానికో గీత దిగాల, తాయారూ. అడుగు గీత కాడికొచ్చేసరికి నానొచ్చేత్తాను" అంది.

రోజూ అన్నానికి ముందు సీసాని వెలుతురుకి పెట్టి చూసేదాన్ని. మూడు గీతలు దిగాయి. ఐదు మిగిలాయి.

నాన్నమ్మ కునుకు తీస్తుంటే మా సందులోకి సన్యాసమ్మ వచ్చింది. పాత సీసాలు తీసుకుని ప్లాస్టిక్ సామాన్లు ఇస్తుంది. గంపలో ఎర్ర డబ్బా మెరుస్తోంది. పక్కింటి గౌరీశ్వరి దగ్గర అలాంటిదే ఉంది.

"సీసా బరువు. పడితే పగిలిపోద్ది. డబ్బా ఇయ్యి, కొసరు చెంచా కూడా" అన్నాను.

"గడుసుదానివే" అంది సన్యాసమ్మ. కానీ ఇచ్చింది.

గడ్డకట్టిన నెయ్యిని డబ్బాలోకి తోడి, సీసా ఇచ్చేశాను. బేరం నాదే అనుకున్నాను.

రాత్రి అన్నం ముందు డబ్బాని దీపం దగ్గర పెట్టి చూశాను. ఎరుపు తప్ప ఏమీ కనబడలేదు. అమ్మ ఎప్పుడొస్తుందో డబ్బా చెప్పదు.

పొద్దున్న చలికి నెయ్యి రాయిలా ఉంది. అమ్మయితే సీసాని గోరువెచ్చని నీళ్లలో పెట్టేది. నాకు బడికి తొందర. మరుగుతున్న నీళ్లలో డబ్బా పెట్టాను. అడుగు మెత్తబడి ఒక పక్కకి ఒరిగింది. సగం నెయ్యి నీళ్లలో కలిసింది.

"ఒలే, ఏటే ఈ వాసన?" నాన్నమ్మ లేచి వచ్చింది.

"నెయ్యి కరగబెడతన్నాను."

"నెయ్యి వాసన నాకు తెల్దేటి?"

నాన్న పోర్టు డ్యూటీకి బయల్దేరుతూ ఆగాడు. డబ్బా వాసన చూశాడు.

"ప్లాస్టిక్ వేడికి ఆగదమ్మా. ఇది తినొద్దు."

తిట్టలేదు. సీసా ఉండే ఖాళీ గూటి వైపు కాసేపు చూసి వెళ్లిపోయాడు. రోజూ ఆ గీతలు చూసేది నేనొక్కదాన్నే కాదని అప్పుడు తెలిసింది.

బడి వదలగానే, సంచిలో పెట్టుకున్న ఆ డబ్బాతో సన్యాసమ్మ ఇంటికి పరిగెత్తాను. సీసాల కుప్పలో నాది పైనే ఉంది, కాగితంతో సహా.

"నిన్న నువ్వేగదే సీసా బరువన్నావు?"

"డబ్బా తీసేసుకో. నా సీసా నాకియ్యి."

"వంకర డబ్బాతో నానేటి సేసుకుంటాను?"

సంచిలోంచి ఓడ బొమ్మ ఉన్న నా పెన్సిళ్ల రేకు పెట్టె తీశాను. పెన్సిళ్లు సంచిలో పోసి, పెట్టె ఆమె చేతిలో పెట్టాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. సీసా ఇచ్చింది.

వెలుతురుకి పెట్టాను. నా చెంచాకి అందని అడుగు అంచున నెయ్యి అంటుకుని ఉంది. ఒక చెంచాడు ఉంటుంది. మూత తీస్తే మునగాకు వాసన.

వేలు పెట్టి నాకలేదు. మళ్లీ మూత పెట్టి గూట్లో పెట్టాను. ఐదు వారాలు నెయ్యి లేకుండానే తిన్నాం. ప్రతి ఆదివారం పెన్సిల్‌తో ఒక గీత కొట్టేశాను. నాన్న పక్కన నిలబడి చూసేవాడు.

చివరి గీత కొట్టేసిన మర్నాడు అమ్మ వచ్చింది. సీసాని గోరువెచ్చని నీళ్లలో పెట్టి, కరిగాక అమ్మ అన్నంలో వంచాను.

"చెంచాడే మిగిల్చారేటి?" అంది అమ్మ.

జరిగిందంతా చెప్పాను. అమ్మ అన్నం కలిపి మొదటి ముద్ద నా నోట్లో పెట్టింది.

పోయినవి, ఐదు గీతల నెయ్యి, ఓడ బొమ్మ పెట్టె. దక్కినవి, ఒక సీసా, ఒక ముద్ద. ఎలా లెక్కేసినా నాకే మిగిలింది.