నేల కొన్న రూపాయి

పొద్దున ఏడు కాకముందే ఉలిగమ్మ చేతిసంచి వాకిలి కట్ట మీదికి చేరింది. సంచిలో రెండు చీరలు, వక్కాకు తిత్తి, మోకాళ్ళకు రుద్దుకునే నూనె సీసా. సీసా మూత సరిగా బిగించలేదని వంటింట్లోంచే గమనించింది ఝాన్సీ. నాలుగు రోజులుగా అత్త తనతో మాట్లాడటం లేదు. అందుకని కూతురు నవీన చేత చెప్పించింది.

"అవ్వా, నూనె కారుతుందంట. అమ్మ చెప్పమనింది."

"కారనీ. నూనెకు కూడా రేటు కట్టమని చెప్పు మీయమ్మకు."

నవీన నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయింది. నరసింహులు నోట్లో బ్రష్షు పెట్టుకొని తల్లికీ పెండ్లానికీ మధ్య గడపలో నిలబడ్డాడు. మోటార్ల వైండింగు అంగడి నడుపుతాడు. ఏ తీగ ఏ తీగతో కలపాలో ఊరందరి మోటార్లలో తెలుసు గానీ, సొంత ఇంట్లో తెలియదు.

"నిజంగానే తలుపుల ఊరికి పోతాండావా అమ్మా? నా చెల్లెలింట్లో నువ్వు రెండు పొద్దులుంటే గొప్ప. ఆ టీవీ మోత నీకు పడదు కదా."

"పడకపోతే చెవుల్లో దూది పెట్టుకుంటా. ఈడ ఆ పని చేయకనే చెడిపోతి."

ఝాన్సీ కాఫీ గ్లాసు తెచ్చి అత్త పక్కన పెట్టింది. ఉలిగమ్మ గ్లాసు వైపు చూడలేదు. కాఫీ మీద మీగడ కట్టేదాకా చూసి, ఝాన్సీ గ్లాసు తీసుకుపోయింది. నిన్న పొద్దున కూడా అంతే. సంగటి అయితే అసలు ముట్టలేదు. పక్కింటి నుంచి రెండు జొన్నరొట్టెలు అడిగి తెచ్చుకొని తింటోంది. కోడలి చేతి కూడు అత్త వద్దనడం పదిహేడేళ్ళ కాపురంలో ఇదే మొదలు.

ఝాన్సీకి అది అంత బాధ కలిగించడానికి కారణముంది. రెండేళ్ళ కిందట వార్డు సీటు ఆడవాళ్ళకు వచ్చినప్పుడు ఆమెను నిలబెట్టింది ఉలిగమ్మే. మోకాళ్ళ నొప్పితో ఇల్లిల్లూ తిరిగి, "మా కోడలికి లెక్క వచ్చు, నోరు రాదు. నాకు నోరు వచ్చు, లెక్క రాదు. ఇద్దరికీ కలిపి ఒక ఓటు వేయండి" అని అడిగింది. జనం నవ్వుతూనే వేశారు. గెలిచిన రోజు దండను ఝాన్సీ తీసి అత్త మెడలోనే వేసింది.

ఇప్పుడు గొడవంతా ఒక కాగితం మీద. పెనుకొండ రోడ్డులోని మున్సిపల్ శ్మశానానికి ఒక పక్క గోడ కూలిపోయింది. నీళ్ళు లేవు. పూడ్చి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి ఇంటి నుంచి క్యాన్లు మోసుకుపోతారు. గుంతలు తవ్వే యల్లప్పకు జీతమంటూ లేదు. ఇచ్చినవాళ్ళు ఇచ్చింది తీసుకుంటాడు. గోడకూ బోరుకూ సాధారణ నిధి నుంచి దుడ్లు ఇస్తామనీ, యల్లప్ప జీతం, కరెంటు బిల్లు మాత్రం రుసుముల మీదే నడవాలనీ, ఆ రుసుములు ఎంతో వార్డు సభలో తేల్చి పంపాలనీ కమిషనర్ సారు చెప్పాడు. సభ ఈరోజు పదకొండు గంటలకు, శ్మశానం రేకుల కొట్టం కిందనే.

ఝాన్సీ వారం రోజులు కూర్చుని మూడు గడులు గీసింది. సొంత ఇల్లున్నవాళ్ళకు పదిహేను వందలు. బాడుగ ఇళ్ళవాళ్ళకు ఐదు వందలు. మూడో గడి ఆమెకు అన్నిటికంటే ఇష్టమైనది. 'పేదలకు, దిక్కులేనివారికి ఉచితం' అని రాసి, దాని కింద రెండు గీతలు గీసింది. నవీన దాన్ని గుండ్రటి అక్షరాలతో తెల్లకాగితం మీదికి ఎత్తి, నాలుగు రోజుల కిందట మాపటేళ అందరూ సంగటి తింటుండగా గట్టిగా చదివింది. చదవడం అయిపోయేసరికి ఉలిగమ్మ సగం ముద్ద పళ్ళెంలోనే వదిలేసి చెయ్యి కడుక్కుంది. అంతే, ఆ పొద్దు నుంచి మాట లేదు.

కాఫీ గ్లాసు లోపల పెట్టి వచ్చిన ఝాన్సీ ఇంక ఉండలేకపోయింది.

"అత్తా, నేనేమన్నా నా కొంగులో వేసుకుంటానా ఆ దుడ్లు? యల్లప్పకు జీతమియ్యద్దా? పేదోళ్ళ దగ్గర నయాపైసా అడగడంలేదు కదా. ఉచితమని రాసినా కదా!"

ఉలిగమ్మ మొదటిసారి తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం కంటే ఇంకేదో ఉంది.

"రాసినావులే తల్లీ. రెండు గీతలు గూడా గీసినావు." సంచి చంకన పెట్టుకుని లేచింది. "బస్టాండుకు పోతా. ఎవురూ రావద్దు."

చెప్పులు ఈడ్చుకుంటూ వీధి మలుపు తిరిగింది. కట్ట మీద ఆమె కూర్చున్నచోట సంచి అడుగు నుంచి కారిన నూనె మరక మిగిలింది.

*

కొట్టం కింద అరవైమంది దాకా చేరారు. ఆడవాళ్ళు మామూలుగా ఆ గేటు దాటరు కాబట్టి కొందరు కొంగు తలమీద కప్పుకుని చివర్లో నిలబడ్డారు. యల్లప్ప పార గోడకు ఆనించి, తను తవ్విన మన్నే మనుషులై వచ్చినట్టు అందరినీ వింతగా చూస్తున్నాడు. అరవైకి దగ్గర పడ్డాడు. నడుము అప్పుడే వంగింది.

ఝాన్సీ కాగితం చదివింది. కాగితం మీంచి తలెత్తలేదు. ముందు వరుసలో కూర్చున్న సంజీవప్ప చెయ్యెత్తాడు. ధర్మవరం పట్టుచీరల వ్యాపారం ఆయనది. మాట మెత్తన, లెక్క గట్టి.

"బాగుండాది కౌన్సిలరమ్మా. పదిహేను వందలు మాకేమీ బరువు కాదు. అయితే ఒక మాట. ఉచితమంటే అందరూ మేము పేదోళ్ళమే అంటారు. అందుకని, ఆ మూడో గడి కింద పూడ్చినోళ్ళ పేర్లు గేటు దగ్గర బోర్డు మీద రాయించండి. సిగ్గుండేవాడు రుసుము కడతాడు."

ఒకరిద్దరు తలలూపారు. ఆ మాట తప్పని ఝాన్సీకి తెలుస్తోంది, ఎక్కడ తప్పో మాటకు అందడంలేదు. మూడో గడి తనే గీసింది. ఆయన దానికి చుట్టూ చట్రం కడుతున్నాడు, అంతే.

"సంజీవప్పా, నన్ను గూడా రాయి ఆ బోర్డు మీద."

అందరూ వెనక్కి తిరిగారు. కూలిన గోడ పక్క నుంచి, సంచి చంకలోనే పెట్టుకుని, ఉలిగమ్మ వస్తోంది. నరసింహులు లేచి నిలబడ్డాడు.

"అమ్మా! బస్సు?"

"దాని పాటికి అది పోయింది." ఆమె నేరుగా యల్లప్ప ముందుకు పోయి నిలబడింది. "యల్లప్పా, ఆ పొద్దు నీకు పదేండ్లుంటాయి. మీ నాయన నా చేతిలో ఏం పెట్టినాడో చెప్పు."

యల్లప్ప ఆమెను తేరిపార చూశాడు. "రూపాయి, అమ్మా," అన్నాడు మెల్లగా. "నువ్వు మర్చిపోయింటావనుకున్యా."

"మరుస్తానా?"

గుంతకు మొదటి పార వేయకముందు, పోయినవాళ్ళ తరపు మనిషి ఒక రూపాయి తమలపాకు మీద పెట్టి, 'తల్లీ, ఇంత చోటియ్యి' అని నేలను అడగడం ఆ పక్క ఆచారం. తవ్వేవాడు ఆ రూపాయిని కండ్లకద్దుకుని తీసుకుంటాడు. నేల కొన్నట్టు. అది అక్కడున్న అందరికీ తెలుసు. ఉలిగమ్మ చెప్పబోయేది మాత్రం ఎవరికీ తెలియదు. నరసింహులుకు కూడా.

"నలభై ఎనిమిదేండ్లయింది," అంది ఉలిగమ్మ. "ఓబులదేవరచెరువు పక్కనుంచి గొర్రెలు తోలుకొని వస్తాండాము. ఆ ఏడు వానల్లేవు. ఈ ఊరి బయట మంద దింపినాము. నాకు తొలిచూలు ఆడబిడ్డ. మూడు నెలలది. జ్వరమొచ్చె. ఆస్పత్రి యాడుందో అడిగి తెలుసుకునేలోపే పాయె."

నరసింహులు రెండడుగులు ముందుకు వచ్చాడు. "అమ్మా... నాకు అక్కనా?"

"నీకంటే ముందుదిరా. కంబళ్ళో చుట్టుకొని ఈడికే వస్తిమి. చేతిలో దుడ్లు లేవు. గొర్రెనమ్ముదామంటే ఎండిపోయిన గొర్రెను ఎవురు కొంటారు? గేటుకాడ ఎవురో పెద్దమనిషి, మంచోడే, జాలిపడి అన్యాడు. 'దిక్కులేనోళ్ళు పాపం. ధర్మానికి పూడ్చెయ్యప్పా' అని."

ఆమె కోడలి వైపు తిరిగింది.

"ధర్మానికంట, ఝాన్సీ. దిక్కులేనోళ్ళంట. నా బిడ్డకు అమ్మ ఉండాది. నాయన ఉండాడు. మేమిద్దరం ఆడనే నిలబడుండాము. దిక్కులేనిది ఎట్లయితాది?"

ఝాన్సీకి 'ఉచితమే కదత్తా' అని ఈ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు అన్నదో లెక్క గుర్తొచ్చింది. ప్రతిసారీ అదే చోట పొడిచింది. తెలియక, మంచి చేస్తున్నాననుకుంటూ, కింద రెండు గీతలు గీసి మరీ.

"అప్పుడు ఈయప్ప నాయన పార కింద పడేసినాడు," ఉలిగమ్మ యల్లప్ప భుజం మీద చెయ్యి వేసింది. "మొలలోనుంచి రూపాయి తీసి నా చేతిలో పెట్టినాడు. 'నువ్వు కొనమ్మా. నువ్వు కొన్నాకనే నేను తవ్వతా' అన్యాడు. నేను నేలమీద పెడ్తి. ఆయన కండ్లకద్దుకొని తీసుకున్యాడు. ఆయన రూపాయి ఆయనకే పాయె. నా బిడ్డకు మాత్రం కొన్న చోటు దక్కె. బిచ్చంగా కాదు."

"మా నాయన ఎందరికో అట్ల చేసినాడమ్మా," అన్నాడు యల్లప్ప. "నేనూ చేస్తాండా. లేనోళ్ళు వస్తే, పక్కకు పిలిచి చేతిలో పెడతా. ఎవురికీ చెప్పలేదు. చెప్తే అదేం మర్యాద?"

సంజీవప్ప కండువాతో ముఖం తుడుచుకున్నాడు, చెమటకో దేనికో.

ఝాన్సీ కాగితాన్ని రెండుగా చింపింది. నాలుగుగా చింపింది. ఈసారి తలెత్తి, అందరికీ వినిపించేలా చెప్పింది.

"గడులు లేవు. పూడ్చడానికి రుసుము ఒక్క రూపాయి. అందరికీ అంతే. చీటీ ఒకటే రంగు, ఒకటే కాగితం. పేరు రాయడానికి పుస్తకం ఒకటే."

"రూపాయితో కరెంటు బిల్లు తీరుతుందా అమ్మా?" సంజీవప్ప అడిగాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే.

"తీరదు. యల్లప్పా, నెలకు ఎన్ని సమాధులు కడతాండారు ఈడ? సిమెంటువి, పాలరాతివి?"

"నాలుగైదు లేస్తాయమ్మా. చోటంతా అవే మింగుతాండాయి."

"మట్టి మట్టిలో కలిస్తే ఆ చోటు మళ్ళా ఇంకొకరికి పనికొస్తుంది. రాయి కట్టినోళ్ళు అందరి నేలను శాశ్వతంగా తీసుకుంటాండారు. కట్టడానికి రుసుము ఏడువేలు. యల్లప్పకు నెలకు పన్నెండువేలు పోను కరెంటు బిల్లుకు మిగులుతుంది. అది కూడా పదకొండో దినం అయినాక ఆఫీసులో కట్టల్ల. ఏడుస్తాండేవాళ్ళను గేటు దగ్గర ఎవురూ నిలబెట్టకూడదు."

ఎవరో వెనకనుంచి, "లెక్కతో పాటు ఈమెకు నోరు గూడా వచ్చిందిరప్పా!" అన్నారు. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు.

సంజీవప్ప లేచాడు. "మా నాయన సమాధికి పాలరాయి వేయించల్లనుకుంటాండా. ఏడువేలు నాదే ముందు రాసుకో. ఆ బోర్డు మాట మరిచిపో తల్లీ." ఉలిగమ్మ వైపు చూసి చేతులు జోడించి, గబగబా గేటు దాటిపోయాడు.

ఒక్కొక్కరే చెయ్యెత్తారు. నవీన పుస్తకంలో తీర్మానం రాసింది. అక్షరాలు ఈసారి అంత గుండ్రంగా రాలేదు.

*

జనం వెళ్ళిపోయాక నరసింహులు తల్లి పక్కన కూర్చున్నాడు. "అక్కను యాడ పూడ్చినారమ్మా?" అని అడిగాడు.

"తెలీదురా. ఆ కంపచెట్ల పక్కనో, ఇట్లనో. మర్నాడే మంద కదిలె. పదేండ్లకు మళ్ళా ఈ ఊరికే వచ్చి ఇల్లు కట్టుకుంటిమి. ఏంటికి ఈ ఊరే అని మీ నాయన ఒక్క పొద్దూ అడగలేదు. ఆయనకూ తెలుసు."

ఝాన్సీ వచ్చి అత్త కాళ్ళ దగ్గర నేలమీదే కూర్చుంది. "నాతోనన్నా చెప్పింటే ఏం పోయేది అత్తా?"

"ఎట్ల చెప్పేది? నువ్వు అంత ఇష్టంగా రాసుకుంటివి. ఊరికి మేలు చేయల్లని నిద్ర లేకుండా గీస్తాంటివి. తప్పని చెప్పల్లంటే ఇదంతా చెప్పల్ల. నలభై ఎనిమిదేండ్లు నోట్లోకి రానిది, సంగటి ముందర ఎట్లొస్తుంది? బస్సెక్కి పోదామనే పోతి. బస్సు తలుపు పట్టుకున్నాక కాలు లేవలేదు." ఆమె కోడలి తల మీద చెయ్యి పెట్టింది. "నేను మాటతో అడిగింది నువ్వు లెక్కలో ఇస్తివి. ఇంగేం కావల్ల."

ఝాన్సీ ఆ మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. చీరకంతా నూనె వాసన.

కాసేపటికి ఉలిగమ్మ కొంగు ముడి విప్పింది. అందులో ఒక రూపాయి బిళ్ళ. పార భుజాన వేసుకుంటున్న యల్లప్పను పిలిచింది.

"ఇది మీ నాయనకు నేను పడిన బాకీ. నీకన్నా ఇచ్చి పోదామని తెచ్చుకుంటి."

యల్లప్ప చెయ్యి చాచలేదు. "అది మా నాయన ఆ పొద్దే తీసుకున్యాడు కదమ్మా. నువ్వు కొన్న నేలకు మళ్ళా దుడ్లిస్తే అమ్మినాయన ఒప్పుతాడా?"

ఉలిగమ్మ బిళ్ళను కొంగుతో తుడిచి చెయ్యి మళ్ళీ చాచింది.

"సరే అయితే. పెట్టి ఉంచు. రేపు ఎవురన్నా ఒట్టి చేతుల్తో వస్తే, ఆ తల్లి చేతిలో పెట్టు. పక్కకు పిలిచి."

ఈసారి యల్లప్ప రెండు చేతులూ పట్టాడు. బిళ్ళను కండ్లకద్దుకుని, కొట్టం గోడలోని దీపం గూట్లో పెట్టాడు.

ఉలిగమ్మ నరసింహులు భుజం పట్టుకుని లేచి, సంచిని కోడలి చేతికిచ్చింది.

"పదమ్మే. నాలుగు పొద్దులాయె నీ సంగటి తిని. ఊరిబిండి పచ్చడిలో కారం తగ్గిస్తే మాత్రం మళ్ళా తలుపులకు పోతా, చెప్తాండా."